బారాలాచా ఎక్కాలంటే బండికేం కావాలి?

హిమాచల్‌ప్రదేశ్‌లో చంద్ర, భాగ నదులు కలిసే చోటు తాండి. మనాలీ నుంచి లేహ్ వెళ్లే బైకర్లు ఇక్కడి పెట్రోలు బంకు దగ్గర ఆగకుండా ముందుకు పోరు. 'తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో' అంటూ ఏళ్ల తరబడి నిలబడ్డ బోర్డే ఈ ఊరికి పేరు తెచ్చింది. దాని పక్కన ఫొటో దిగడం ఒక ముచ్చట, ట్యాంకుతో పాటు క్యాన్లూ నింపుకోవడం అవసరం. ఆ వరుసలో ఏటా మన రెండు రాష్ట్రాల నంబరు ప్లేట్లూ కనిపిస్తాయి. వాటిలో కొన్ని బండ్ల సీటు కింద, అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. దాని పేరు ట్యూనింగ్ మాడ్యూల్. ఇంజిన్‌లోకి పెట్రోలు ఎంత వెళ్లాలి, స్పార్కు ఎప్పుడు పడాలి అనే లెక్కల్లో వేలు పెట్టే పరికరం.

ఈ దారికి అది అవసరమా? అవసరమైతే ఏది? కొండెక్కుతూ చూద్దాం.

2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తంగ్ ఎక్కే పని తప్పింది. తొమ్మిది కిలోమీటర్లు సొరంగంలో పోతే లాహౌల్ లోయలో తేలతాం. అక్కడ గాలి ఇంకా బాగానే ఉంటుంది. సిస్సూ, తాండి, కేలాంగ్, జిస్పా... పొలాలు, పాప్లర్ చెట్లు, టీ కొట్లు. దార్చా దాటాక పచ్చదనం మాయమవుతుంది. జింగ్‌జింగ్‌బార్ నుంచి మలుపులు తిరుగుతుంటే మూడో గేరులో లాగిన బండి రెండో గేరు అడుగుతుంది. బారాలాచా లా ఎత్తు దాదాపు 4,890 మీటర్లు. తర్వాత లాచుంగ్ లా 5,000 దాటుతుంది, తంగ్లంగ్ లా 5,328. ఆ ఎత్తున గాలి ఒత్తిడి విశాఖ బీచిలో ఉన్నదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే!

మనకు ఆయాసం వచ్చినట్టే ఇంజిన్‌కూ వస్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు పదో వంతు శక్తి పోతుందని ఒక మోటు లెక్క. మైదానంలో 24 హార్స్‌పవర్ ఇచ్చే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 తంగ్లంగ్ లా మీద అందులో సగానికి అటూ ఇటూగా ఇస్తుంది. దీనికి బండిని తిట్టి లాభం లేదు.

కార్బురేటర్ బండ్ల కాలంలో ఇంకో తలనొప్పి ఉండేది. గాలి తగ్గినా పెట్రోలు అదే లెక్కన వచ్చిపడేది. నల్లటి పొగ, మసిబారిన ప్లగ్గు, ఎంత తిప్పినా కదలని యాక్సిలరేటర్. మెకానిక్కులు చిన్న జెట్టు వేసేవారు, గాలి స్క్రూ తిప్పేవారు. 2016లో వచ్చిన తొలి హిమాలయన్‌కూ కార్బురేటరే. మరుసటి ఏడాది బీఎస్-4 నిబంధనలతో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2020 నుంచి బీఎస్-6తో ఇంచుమించు ప్రతి కొత్త బండికీ అదే. ఇందులో గాలి ఒత్తిడిని కొలిచే సెన్సారు ఉంటుంది. గాలి తగ్గిందని తెలియగానే ఈసీయూ, అంటే బండి మెదడు, పెట్రోలు కూడా తగ్గిస్తుంది. కొండకు తగ్గ సర్దుబాటు కంపెనీయే చేసి పంపిందన్నమాట!

మరి పెట్టె దేనికి?

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో స్పేర్‌పార్టుల దుకాణం ముందు నిలబడితే వేసవిలో ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

"అన్నా, లద్దాఖ్ పోతున్నం. పవర్ పెరగాలె. ఏది వేస్తే మంచిగుంటది?"

"ఆడ గాలే ఉండదు తమ్మీ, పవర్ యాడికెళ్లి వస్తది? ఇక్కడ ట్రాఫిక్ల బండి కొట్టుకుంటున్నదా లేదా, అది చెప్పు ముందుగాల."

ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. కాలుష్య నిబంధనల కోసం కంపెనీలు పెట్రోలును పొదుపుగా వాడే మిశ్రమాన్ని పెడతాయి. ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి అనేది పుస్తకం లెక్క. లాగుడు బాగుండాలంటే 13కు దగ్గరగా చిక్కగా ఉండాలి. అందుకే తక్కువ వేగంలో సింగిల్ సిలిండర్ బండ్లు కొన్ని కుదుపుతాయి, వేడెక్కుతాయి, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటాయి. ఈ రోగానికి పెట్టె నిజంగానే మందు. సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు మార్చిన బండికైతే ఇంకా అవసరం.

పెట్టెలన్నీ ఒకటి కావు. చవకరకం, సెన్సారుకు అబద్ధం చెప్పే రకం. డెన్మార్క్‌లో తయారయ్యే బూస్టర్‌ప్లగ్ గాలి ఉన్నదానికంటే చల్లగా ఉందని ఈసీయూను నమ్మిస్తుంది, అది కాస్త ఎక్కువ పెట్రోలు పంపుతుంది. బెంగళూరుకు చెందిన రేస్ డైనమిక్స్ వారి ఫ్యూయెల్‌ఎక్స్ ఆక్సిజన్ సెన్సారు సంకేతం దగ్గర పనిచేస్తుంది. ఇవి స్పార్కు జోలికి పోవు. అమెరికా డైనోజెట్ వారి పవర్ కమాండర్ ఇంజెక్టరు తీగల మధ్య కూర్చుని పెట్రోలును శాతాల లెక్కన పెంచుతుంది, తగ్గిస్తుంది. రేస్ డైనమిక్స్ వారిదే పవర్‌ట్రానిక్ పెట్రోలుతో పాటు స్పార్కునూ సర్దుతుంది. ఖరీదూ ఎక్కువే, సామర్థ్యమూ ఎక్కువే, చెడగొట్టే అవకాశమూ ఎక్కువే.

స్పార్కు సంగతి కొండమీదే అర్థమవుతుంది. పలచని గాలిలో మంట నెమ్మదిగా పాకుతుంది, కాబట్టి స్పార్కు కొంచెం ముందే పడితే మేలు. సర్చూ పైన హాయిగా నడిచిన ఆ మ్యాపుతోనే మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద ఇద్దరు ఎక్కి వెళ్తే? సిలిండర్లోంచి గులకరాళ్లు ఆడినట్టు చప్పుడు. అదే నాకింగ్, పిస్టన్ ఆయుష్షు తినేది. రెండు మ్యాపులు, వాటిని మార్చే స్విచ్చి ఉన్న మాడ్యూలైతే ఈ చిక్కు ఉండదు. లేకపోతే మైదానం మ్యాపే ఉంచుకోవడం క్షేమం.

ఎత్తు సంగతి కూడా అడిగి కొనాలి. ఈసీయూ లెక్క మీద అయిదు శాతమో ఆరు శాతమో కలిపే రకమైతే పైకెళ్లినా అదే నిష్పత్తిలో ఉంటుంది. గాలి ఒత్తిడిని పట్టించుకోకుండా సొంత లెక్కతో నడిచేదైతే పాత కార్బురేటర్ కథే మళ్లీ మొదలు!

ఇప్పుడు తాండి బోర్డు దగ్గరికి ఒకసారి వద్దాం. 365 కిలోమీటర్లకు, లీటరుకు 30 ఇచ్చే బండికి పన్నెండు లీటర్ల పైచిలుకు కావాలి. హిమాలయన్ 411 ట్యాంకు 15 లీటర్లు. పెట్టె పెట్టి మిశ్రమం చిక్కబరిస్తే మైలేజీ 25కు పడిందనుకోండి, 14.6 లీటర్లు. 24కు పడితే ట్యాంకు చాలదు. రెండు హార్స్‌పవర్ల కోసం క్యాను బరువు మోయాలన్నమాట. గాటా లూప్స్ 21 మలుపుల్లో ఆ బరువు భుజాలకు తెలుస్తుంది.

ఇంకొకటి నీళ్లు. మధ్యాహ్నం మంచు కరిగి నాలాలు రోడ్డు మీదికి పొంగుతాయి. చక్రం మునిగే నీటిలో బండి దాటించాలి. అందుకే కనెక్టర్లకు రబ్బరు సీలు ఉన్నదీ, తీగలు కోసి అతికించకుండా ఒరిజినల్ కప్లర్లకే తగిలించేదీ మాత్రమే కొనాలి. తీగ కోసి టేపు చుట్టే పని ఎంత పెద్ద మెకానిక్కు చేసినా నాకు నచ్చదు. సర్చూ తర్వాత, మోరే మైదానం నలభై కిలోమీటర్లూ కలిపి, ఊరన్నదే కరువు. అక్కడ టేపు ఊడితే మొబైల్ సిగ్నల్ కోసం ఆకాశం చూడటమే.

చట్టమూ ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పులకు ఒక్కోదానికి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంజిన్‌కు ఏదైనా అయితే పెట్టెను చూపించి వారంటీ లేదనే అవకాశమూ ఉంది.

తంగ్లంగ్ లా దిగితే రుమ్‌త్సే వస్తుంది, ఆ తర్వాత ఉప్షీ దగ్గర సింధు నది. ఎత్తు 3,500 మీటర్లకు తగ్గేసరికి పెట్టె ఉన్న బండీ లేని బండీ ఒకేలా గొంతు విప్పుతాయి. పెట్టె ఉన్నవాళ్లు దాన్ని తీసేసి ఒరిజినల్ కప్లర్లు కలిపే జంపరును క్లచ్ కేబుల్, ట్యూబుతో పాటు సంచిలో వేసుకోవాలి. బండి మొరాయిస్తే సీటు తీసి జంపరు తగిలించడం అయిదు నిమిషాల పని. హైదరాబాద్‌లో ఒకసారి చేతులతో చేసి చూసుకుంటే, పాంగ్ చలిలో వేళ్లు కొంకర్లు పోయినా చేయగలుగుతారు.