చారులో నీళ్లెవరు పోస్తున్నారు?

పొయ్యి మీద చారు మరుగుతోంది. వంటావిడ అటు తిరిగినప్పుడల్లా ఎవరో వచ్చి ఓ గ్లాసు నీళ్లు పోసి పోతున్నారనుకోండి. ఆమె రుచి చూస్తుంది. చప్పగా ఉందే అనుకుని కాస్త ఉప్పు, కాస్త చింతపండు పులుసు కలుపుతుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ ఉప్పు. పంక్తిలో కూర్చున్నవాళ్లకి తేడానే తెలియదు!

పెట్రోలు కారు ఇంజిన్లో జరిగేదీ ఇదే. ఒక వంతు పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువులో 14.7 వంతుల గాలి కావాలి. లోపలికి వచ్చే గాలిని లెక్కగట్టి, దానికి తగ్గ పెట్రోలు చిమ్మించేది కారులోని కంప్యూటరు. రుచి చూసే నాలుక ఆక్సిజన్ సెన్సర్. పొగ గొట్టంలో కూర్చుని, మండాక మిగిలిన ఆక్సిజన్‌ని అది పసిగడుతుంది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు అన్ని పెట్రోలు కార్లలోనూ ఉంది. గాలి ఎక్కువైందని సెన్సర్ చెబితే కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. తక్కువైందంటే తగ్గిస్తుంది. ఈ సవరణ పేరే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్. అదే పని రోజూ చేయాల్సి వచ్చి, అలవాటుగా గుర్తుపెట్టుకునేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ ఐదారు శాతంలో ఉంటే బెంగ లేదు. పది దాటి పైకి పోతుంటే మాత్రం ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే.

విజయవాడలో ఓ రిటైర్డ్ మాస్టారి పాత కారుకి ఇదే జబ్బు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వణుకు, ఎదురుగా పసుపు దీపం. వీధి చివరి షెడ్డులో స్కానర్ పెడితే ‘పీ 0171’ అని వచ్చింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దానర్థం. షెడ్డు కుర్రాడు ఆక్సిజన్ సెన్సర్ మార్చేశాడు. పెన్షన్‌లోంచి కొన్ని వేలు పోయాయి. వారం తిరక్కుండా దీపం మళ్లీ వెలిగింది. నాలుక నిజమే చెప్పింది. పాపం, దాన్నే తీసి పారేశారు!

ఆటోనగర్‌లోని పెద్ద మెకానిక్ ఏ సామానూ విప్పలేదు. ఇంజిన్ వేడెక్కనిచ్చి, అంకెలు చూశాడు. ఊరికే ఆగి ఉన్నప్పుడు ట్రిమ్ 24 శాతం. యాక్సిలరేటర్ తొక్కి నిమిషానికి 2500 చుట్లకు తెస్తే ఐదు శాతం. అంతే, సగం సంగతి తేలిపోయింది. చిన్న గిన్నెలో గ్లాసు నీళ్లు పోస్తే చారు పాడవుతుంది. పెళ్లి గుండిగలో పోస్తే ఎవరికీ పట్టదు. కన్నంలోంచి దూరే గాలీ అంతే. ఇంజిన్ తక్కువ గాలి పీలుస్తున్నప్పుడే దాని ప్రభావం ఎక్కువ. అలాకాక ఆగినప్పుడు బాగుండి, వేగం, బరువు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే... అప్పుడు అనుమానించాల్సింది పెట్రోలు పంపును, ఫిల్టరును, మురికి పట్టిన గాలి సెన్సర్‌ను.

‘‘మాస్టారూ, ఈమధ్య బ్రేకు గట్టిగా ఉంటోందా?’’ అనడిగాడు మెకానిక్.

మాస్టారు ఆశ్చర్యపోయారు. ‘‘నెల్లాళ్లుగా ఉంటోందయ్యా. వయసు మీద పడింది కదా, కాళ్లలో సత్తువ తగ్గిందనుకున్నా.’’

బ్రేకు బూస్టర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు కింద చీలింది. చెవి పెట్టి వింటే బుస్సుమంటోంది. ఆ చీలికని వేళ్లతో గట్టిగా నొక్కి మూయగానే ఇంజిన్ వణుకు ఆగింది. కొత్త గొట్టం ఖరీదు సెన్సర్ ఖరీదులో పదో వంతు కూడా లేదు!

అయితే అన్ని కార్లకూ ఒకటే లెక్క కాదు. గాలిని నేరుగా కొలవకుండా ఒత్తిడిని బట్టి అంచనా వేసే కార్లలో ఇలాంటి కన్నం పడినా ట్రిమ్ అంతగా పెరగకపోవచ్చు. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ చుట్లు పెరిగిపోవడమే అక్కడ గుర్తు. సెన్సర్‌కి ముందే పొగ గొట్టానికి చిల్లి పడినా బయటి గాలి దూరి అబద్ధపు కబురు అందుతుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి గాలి కాస్త తక్కువ చాలు కాబట్టి, పాత కార్లలో ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరగడం మామూలే. కన్నం ఎక్కడుందో వెతకడానికి వేడి ఇంజిన్ మీద పెట్రోలు, క్లీనర్ చల్లితే మంటలు లేవొచ్చు. గొట్టాల్లోకి పొగ పంపి చూసే మిషన్ ఉన్న షెడ్డుకి వెళ్లడం మేలు.

సర్దుకుపోవడం మంచి గుణమే. కంప్యూటరు పెట్రోలు పెంచి సర్దుకుంది. మాస్టారు కాలు గట్టిగా నొక్కి సర్దుకున్నారు. ఇద్దరూ కలిసి ఆ చీలికని నెల్లాళ్లు దాచిపెట్టారు. ఆ నెలలో ఓ పిల్లాడు బంతి కోసం రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి ఉంటే? అందుకే దీపం వెలిగితే ‘ఏ సామాను మార్చాలి?’ అని కాదు, ‘దేనికి సర్దుకుంటోంది?’ అని అడగాలి. బ్రేకు గట్టిపడితే ముందు కారుని అనుమానించాలి. వయసుని తర్వాత!