దండెము కాని దండెము

ఫ్రెంచి భాషలో ‘బార్’ అనగా కడ్డీ. బాలే నాట్యము నేర్చుకొనేవారు గోడవారగా బిగించిన ఒక గుండ్రని కర్రపై చేయి ఆనించి సాధన మొదలుపెడతారు. ఆ కర్రకే ఈ పేరు. ఫ్రాన్సు ప్రభువు పధ్నాలుగవ లూయీ 1661లో నాట్యానికొక రాజసంస్థను నెలకొల్పినది మొదలు ఆ విద్యలోని పరిభాష అంతా ఫ్రెంచిలోనే స్థిరపడింది. తమిళదేశంలో పాడేవారైనా త్యాగరాజ కీర్తనలను తెలుగులోనే పాడినట్లు, ఏ దేశపు పిల్లలైనా అక్కడ ఫ్రెంచి మాటలే పలుకుతారు.

అమెరికాలో మా అమ్మాయి ఇంట ఉన్న రోజులలో, మనవరాలి బడిలో ఈ కడ్డీలు పెట్టబోతున్నారని తెనాలిలోని మిత్రునికి ఫోనులో చెప్పాను. “బడిలో బారేమిటండీ, కలికాలం కాకపోతే!” అని ఆయన నిర్ఘాంతపోయారు. అందుచేత దీనికొక తెలుగు మాట అవసరమనిపించింది. ‘ఊతకడ్డీ’ అనవచ్చును. కాని చూడగానే నాకు స్ఫురించిన మాట ‘దండెము’. మన వసారాలలో బట్టలు ఆరవేయడానికి వెదురుబొంగు వేలాడదీస్తామే, అచ్చముగా అదే వాలకము.

ఆ బడి అయిదేండ్ల పిల్లల నుండి పదకొండేండ్ల పిల్లల వరకు చదువుకొనే ప్రాథమిక పాఠశాల. వాడుకలో లేని ఒక గదిని నాట్యానికి కేటాయించారు. తలిదండ్రుల సంఘము చందాలు పోగుచేసింది. కడ్డీల ఎంపికను చూడవలసిన ముగ్గురిలో మా అమ్మాయి ఒకతె. ఆ విధముగా అమ్మకపుదారుల పట్టికలన్నీ మా భోజనాల బల్లమీదికి వచ్చాయి. ముప్పది యేండ్లకు పైగా ఛందస్సు, వ్యాకరణము చెప్పినవానికి వీటితో పనేమి అని మీరు అడుగవచ్చును. గణములు లెక్కించిన కన్ను అంగుళములు లెక్కించకుండా ఉండలేదు, అంతే.

మొదటి ప్రశ్న ఎత్తు. పట్టికలో సాధారణముగా కనబడే కొలత 42 అంగుళాలు. అది పెద్దవారికి తగినది. కడ్డీపై చేయి వేసినప్పుడు మోచేయి కొద్దిగా వంగి, భుజము పైకి లేవకుండా ఉండాలి. ఖర్చు తగ్గుతుందని సంఘమువారు 42 అంగుళాల ఎత్తున ఒకే వరుస వేయించాలనుకొన్నారు. నేను మా మనవరాలిని గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీశాను. అయిదేండ్ల పిల్ల, 43 అంగుళాలు. అనగా ఆ కడ్డీ ఆమె మాడుకు ఒక్క అంగుళము దిగువన ఉంటుందన్నమాట! “తాతయ్యా, నేను దానికింద దాక్కోవచ్చు” అన్నది మా పిల్ల సంతోషముగా.

“అమ్మా, పిల్లలను కొలిచిన పిమ్మట కడ్డీని కొలవండి” అని మా అమ్మాయితో అన్నాను. ఆమె ఆ మాటను నాట్యము నేర్పే ఉపాధ్యాయినికి చేరవేసింది. ఆవిడ ప్రతి తరగతినుండి కొందరిని నడుము వరకు కొలిచి, చివరకు రెండు వరుసలు కావాలని తేల్చింది: చిన్నవారికి 28 అంగుళాలు, పెద్దవారికి 36.

రెండవ ప్రశ్న కదిలేదా, కదలనిదా? కాళ్ళమీద నిలిచే కడ్డీలు గది నడుమ పెట్టుకోవచ్చును, ఇరువైపులా పిల్లలు నిలువవచ్చును, పని తీరాక మూలకు జరపవచ్చును. గోడకు చిల్లు పెట్టనక్కరలేదు. ఆ మాట విని సంఘములో పలువురు అటే మొగ్గారు. అయితే రెండవ తరగతిలో ఒక అమ్మాయి ఉన్నది. ఒక కాలు బలహీనమై, పట్టీ కట్టుకొని నడుస్తుంది. తోటివారికి ఊతము చేతివేళ్ళతో తాకితే చాలు. ఆమె మాత్రము ఒక్కొక్కప్పుడు బరువంతా దానిమీదనే మోపవలసి వస్తుంది. తేలికరకపు కడ్డీ ఒకటి తెచ్చి చూసినప్పుడు, నలుగురు పిల్లలు ఒకవైపుకు వాలగానే అది జరిగి, ఒక కాలు లేచింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది చూసిన ఆ పిల్ల తల్లి, “మా అమ్మాయి పక్కన కూర్చొని చూస్తుంది లెండి” అన్నదట. ఆ మాట మా అమ్మాయి ఇంటికి వచ్చి చెప్పినపుడు నాకు ఆ పూట అన్నము సహించలేదు. ఎన్ని తరగతులలో ఎందరు పిల్లలు అట్లా పక్కన కూర్చొని చూశారో ఉపాధ్యాయులమైన మనకు తెలియనిదా?

అక్కడనుండి చర్చ దారి మారింది. గోడకు బిగించే జంట కడ్డీలే కావాలని మా అమ్మాయి పట్టుబట్టింది. లెక్క కూడా సరిపోయింది. పిల్లకు నాలుగడుగుల చొప్పున 24 అడుగుల గోడకు ఆరుగురు. రెండు గోడలకు పన్నెండుగురు. తరగతిలో పదహారుగురు. మిగిలిన నలుగురికి, బరువైన పాదములు గల ఎనిమిదడుగుల కదిలే కడ్డీ ఒకటి నడుమ చాలును, ఇటిద్దరు, అటిద్దరు.

కర్ర విషయములో నునుపుగా చిత్రిక పట్టిన బీచి కర్రను ఎంచుకొన్నారు. మందము ఒకటిన్నర అంగుళాలు. పెద్దలకు రెండంగుళాల వరకు బాగుండును కాని పసిపిడికిళ్ళకు సన్నదే ఇంపు. లోహపు గొట్టము దృఢమే; అయినా చేతికి చల్లగా తగులుతుంది, చెమట పట్టితే జారుతుంది.

ఇక బిగింపు. అసలు ప్రాణము ఇందులోనే ఉన్నది. అక్కడి లోగోడలు పెక్కు మన ఇటుక గోడలవంటివి కావు. నిలువు కర్రలు పాతి, వాటిపై జిప్సం పలకలు కప్పుతారు. ఆ పలకకు మాత్రమే మేకు దిగితే పటము నిలుస్తుంది, పిల్లవాడు వేలాడితే నిలువదు. పిల్లలు వేలాడకమానరు. లోపలి కర్రలు సాధారణముగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. బడి మరమ్మతులు చూసే పెద్దమనిషి గోడను వ్రేళ్ళతో తట్టుతూ, చెవి ఆనించి, ఘనముగా మ్రోగినచోట గుర్తు పెట్టుకొంటూ పోయాడు. మృదంగానికి శ్రుతి చూసుకొనే విద్వాంసునివలె కనబడ్డాడు నాకు. నాలుగడుగులకొక బ్రాకెట్టు చొప్పున గుర్తులు కర్రలమీద పడేటట్లు చూసి, ఎక్కడైనా తప్పితే పలక కోసి రెండు కర్రల నడుమ అడ్డకర్ర బిగించాడు. గోడకు, కడ్డీకి నడుమ మోచేయి కొట్టుకోనంత ఎడము విడిచాడు. చివరలకు గుండ్రని మూతలు వేశాడు. అన్నీ అయ్యాక తానే దానిమీద బరువు మోపి ఊపి చూశాడు. ఆ తరువాతనే పిల్లలను రమ్మన్నాడు.

న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో డెగా 1877లో వేసిన చిత్రమొకటి ఉన్నది. ఇద్దరు నర్తకులు కడ్డీ వద్ద సాధన చేస్తుంటారు. నేలమీద ఒక నీళ్ళడబ్బా. దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లేవారట. జిల్లా పరిషత్తు బడిలో నాటకము ఒత్తిళ్ళకు ముందు మట్టినేలపై పిల్లలచేత నేను నీళ్ళు చల్లించిన సంగతి ఆ డబ్బా చూడగానే గుర్తుకు వచ్చింది. మాకు కడ్డీ లేదు, గది లేదు, డబ్బా మాత్రము ఉండేది.

కూచిపూడిలో కడ్డీతో పని లేదు. పళ్ళెము అంచుపై నిలిచి ఆడేవారికి ఊతమెందుకు? బాలేలోనైనా తరగతి సగమయ్యాక కడ్డీని విడిచి గది నడుమకు రావలసినదే. రెండవ తరగతి అమ్మాయి ఇప్పుడు అడుగుకడ్డీ పట్టుకొని తోటివారితోపాటు నిలుస్తున్నది. నడుమకు వచ్చే వేళ కదిలే కడ్డీని ఆమె పక్కకు తెచ్చి, ఇద్దరు పిల్లలు రెండు కొసలా గట్టిగా పట్టుకొంటారని మా మనవరాలు చెప్పింది. ఆ ఏర్పాటు ఏ పట్టికలోనూ లేదు.

శనివారాలు అదే గదిలో మనవారి కూచిపూడి తరగతి జరుగుతుంది. మొదటి శనివారమే తెలుగు తల్లులు చలికోట్లు, చున్నీలు, గజ్జెల సంచులు అన్నీ పైకడ్డీమీద వరుసగా ఆరవేశారు. బడివారు మరునాడు ‘దీనిమీద బట్టలు వేయరాదు’ అని ఒక కాగితము అంటించారు. దండెమన్న పేరు నేనొక్కడినే పెట్టలేదని తెలిసి సంతోషించాను.