షువైఖ్ గోదాములో లైట్లు, పాలసీలు

కువైట్ నగరాన్ని ఆనుకుని ఉన్న షువైఖ్ ఇండస్ట్రియల్ ప్రాంతంలో గ్యారేజీలు, టైర్ల కొట్ల నడుమ ఉంది ఆ గోదాము. సీరియళ్ళకు లైట్లు, కెమెరాలు, జెనరేటర్లు ఇక్కణ్ణుంచే అద్దెకు వెళ్తాయి. నేను వెళ్ళింది రంజాన్‌కు ముందు రోజుల్లో. ఆ నెలలో గల్ఫ్ దేశాల ఇళ్ళలో రాత్రిపూట చూసే సీరియళ్ళలో కువైట్‌లో తయారయ్యేవి చాలా ఉంటాయి. 1961లో టీవీ మొదలైన ఈ దేశం 1977లోనే ‘దర్బ్ అల్ జలగ్’ లాంటి సీరియల్ తీసింది. దాన్ని అరబ్బులు ఇప్పటికీ తలుచుకుంటారు. నెలవంక కనబడేనాటికి ఎపిసోడ్లు సిద్ధంగా ఉండాలి గనుక చలికాలమంతా ఇక్కడివాళ్ళకు తీరిక ఉండదు.

లైటింగ్ చీఫ్‌ది రాయచోటి దగ్గర పల్లె. ఛాయ్ చేతికిచ్చి, ముందుగా ఒక ఫైలు తెరిచాడు. అందులో బీమా పాలసీకి జతపరిచిన జాబితా ఉంది. ప్రతి కెమెరా, ప్రతి లెన్సు, ప్రతి లైటు సీరియల్ నంబరుతో, విలువతో సహా రాసి ఉంది. సామాను అద్దెకు తీసుకునే నిర్మాణ సంస్థ కూడా తన బీమా పత్రం చూపించాలి. నష్టం జరిగితే మొదటి కొంత మొత్తం వాళ్ళే భరించాలి, ఆ తర్వాతే బీమా కంపెనీ చెల్లిస్తుంది. షూటింగ్‌కు తీసుకున్న విల్లాలో పాలరాతి నేల పగిలినా, ఇంటివాళ్ళ సోఫా కాలినా దానికి వేరే పాలసీ ఉంటుంది. ప్రధాన నటుడు జబ్బుపడి పని ఆగితే వచ్చే నష్టానికి ఇంకొకటి.

దేనికి రాదు అన్న పేజీని మాత్రం అతను నా చేత నిదానంగా చదివించాడు. యుద్ధం వల్ల కలిగే నష్టానికి రాదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు వచ్చి దేశాన్నే ఆక్రమించిన చోట ఆ ఒక్క వాక్యానికి ఎంత బరువుందో చెప్పక్కర్లేదు. మనిషి లేని వ్యానులోంచి సామాను పోతే రాదు. వాడకంలో అరిగిపోతే రాదు. ఈ చివరిదే కువైట్‌లో పెద్ద చిక్కు. ధూళి గాలిలో లెన్సు రింగుల్లోకి, ఫ్యాన్లలోకి ఇసుక కొంచెం కొంచెంగా చేరుతుంది. ఫలానా రోజు ఫలానా గంటకు ప్రమాదం జరిగిందని చూపలేం. అందుకే ఆ గోదాములో ఒక గదిలో రోజంతా తుడుపు పనే. పాలసీ ఆదుకోని నష్టాన్ని అక్కడ గుడ్డతో, బ్రష్షుతో ఆపుతున్నారు.

‘ముందు నేలను చూడల్ల అన్నా, తర్వాతే స్టాండు’ అన్నాడు చీఫ్. ‘ఇసుకలో అది నిలబడినట్టే ఉంటాది. గాలి తిరిగినాక తెలుస్తాది.’ పెద్ద స్టాండు ప్రతి కాలి మీదా బస్తా, జెనరేటర్‌కు ఎర్తింగ్, జనం నడిచే దారిలో కేబుళ్ళ మీద రబ్బరు కప్పు ఉండాల్సిందే. వాన పడితే కరెంటు ఆపేస్తారు, డైరెక్టరు ఎంత తొందరపెట్టినా సరే. వేసవిలో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నిషేధం ఉంది. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది.

ఈ జాగ్రత్తలు వింటున్నంతసేపూ నాకు మన దగ్గరి దుర్ఘటనలు గుర్తొచ్చాయి. 1989లో మైసూరు ప్రీమియర్ స్టూడియోలో ‘టిప్పు సుల్తాన్’ సీరియల్ సెట్టు కాలి 62 మంది చనిపోయారు. 2020 ఫిబ్రవరిలో చెన్నై శివార్లలో ‘ఇండియన్ 2’ సెట్టులో క్రేన్ కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. సెట్టు మళ్ళీ వేసుకోవచ్చు. పోయినవాళ్ళ ఇళ్ళు ఆ తర్వాత ఎలా గడుస్తాయన్నదే నా మట్టుకు అసలు ప్రశ్న.

అందుకే అడిగాను, లెన్సులకు జాబితా ఉంది సరే, సామాను మోసే పిల్లల పేర్లేవి అని. చీఫ్ వెంటనే జవాబివ్వలేదు. కంపెనీ అకామా (నివాస అనుమతి) మీద ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పనిలో జరిగే గాయాలకు యజమాని బీమా చేయించాలి. చికిత్స కాలంలో ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆపైన సగం ఇవ్వాలి. చిక్కంతా రోజు కూలికి వచ్చేవాళ్ళతో. వాళ్ళలో కొందరిది ఖాదిం వీసా, అంటే ఇంటిపనివాళ్ళకిచ్చేది. ఒక ఇంట్లో డ్రైవరుగానో వంటవాడుగానో రాసి ఉన్న మనిషి ఇక్కడ లైటు మోస్తూ పడితే, కాగితాల ప్రకారం అతను ఆ చోట లేనట్టే. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికే తోటివాళ్ళు జంకుతారు.

కువైట్ మొదటి కథా చిత్రం ‘బస్ యా బహర్’ (1972) కూడా ఇలాంటి మనుషుల గురించే. ఖాలిద్ అల్ సిద్దీక్ తీసిన ఆ సినిమాలో ముత్యాల కోసం సముద్రంలో మునిగే పేదవాడే ప్రాణాన్ని పణంగా పెడతాడు. ఆ కాలంలో మునిగేవాళ్ళు పడవ యజమానికి అప్పుపడి ఉండేవారు. మనిషి పోయినా అప్పు ఇంటిని వదిలేది కాదు. నష్టభయం ఎవరి మీద పడాలన్నది అప్పుడూ కాగితమే తేల్చేది.

మన దేశం నుంచి ఈసీఆర్ పాస్‌పోర్టు (వలసకు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) మీద పనికి వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017 సవరణ ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. గోదాములో నేను మాట్లాడిన కుర్రాళ్ళలో ఒకరిద్దరికి ఆ పేరే గుర్తులేదు. వచ్చేటప్పుడు ఏజెంటు కట్టించాడు, గడువు ఎప్పుడో తీరింది. ఒక పూట కూలి కూడా కాని ప్రీమియం అది! పాలసీని మళ్ళీ కట్టుకోవచ్చని ఎయిర్‌పోర్టులోనో, ఎంబసీ వరండాలోనో తెలుగులో చెప్పేవాళ్ళుంటే చాలు.

చీఫ్ ఈ ఏడాది ఒక నియమం పెట్టుకున్నాడు. వ్యాను కదిలేముందు ప్రతి మనిషి బతాకా (గుర్తింపు కార్డు) ఫొటో తీసి, అకామా ఎవరి పేరున ఉందో చూసి, పేర్లన్నీ నిర్మాణ సంస్థకు పంపుతాడు. కాగితాలు సరిపడని మనిషిని తీసుకోడు. దానివల్ల ఊరి కుర్రాళ్ళకు పని పోతుంది, వాళ్ళ కోపం ఇతని మీదే. అయినా అతను చేసేది సరైనదే అని నా నమ్మకం. ఆ కుర్రాళ్ళకు సరైన వీసా ఇచ్చి తీసుకునే బాధ్యత మాత్రం ఈ సీరియళ్ళ మీద డబ్బు సంపాదిస్తున్న సంస్థలదే.

నేను లేవబోతుండగా ప్రొడక్షన్ మేనేజర్ ఫోను చేశాడు. రాత్రంతా సముద్రం ఒడ్డున షూటింగ్, పగలు చేసిన జట్టే కావాలి, డబ్బు ఎక్కువిస్తామన్నాడు. చట్టం రోజుకు ఎనిమిది గంటలంటుంది, అదనంగా చేయించినా రెండు గంటలే. ‘నిద్రలేనోడు వ్యాను నడపలేడు సార్. రెండో జట్టుకు డబ్బులిస్తే పంపుతా’ అన్నాడు చీఫ్ హిందీలో. అవతలివాళ్ళు కనుక్కుని చెప్తామన్నారు. నేను బయటికొచ్చేదాకా ఆ ఫోను మళ్ళీ రాలేదు.