ముందు బాణం, తర్వాతే పొడవు

సెప్టెంబర్ 3

ఫస్టియర్ వాళ్లకి స్థాన సదిశలు మొదలయ్యాయి. బోర్డు మీద లెక్క: ఎ (2, 3), బి (8, 11). ఎబి పొడవెంత? ఒకబ్బాయి ఓఎ పరిమాణం √13, ఓబి పరిమాణం √185 అని విడివిడిగా కట్టి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు. 13.60లో 3.61 పోతే 9.99. దాన్ని పది చేసి చూపించాడు. అసలు జవాబూ పదే. ఎబి సదిశ 6ఐ + 8జె; 36కి 64 కలిపితే వంద, దాని వర్గమూలం పది.

దారి తప్పు, జవాబు ఒప్పు. ఇంతకంటే ప్రమాదం ఏముంటుంది? పిల్లాడికి ఇది తప్పని జన్మలో అనుమానం రాదు. రాత్రి గ్రాఫు కాగితం మీద గీసి చూస్తే సంగతి తెలిసింది. మూల బిందువు నుంచి చూస్తే ఎ, బి ఇంచుమించు ఒకే దిక్కున ఉన్నాయి, మధ్య కోణం రెండున్నర డిగ్రీల లోపే. బాణాలు రెండూ ఒకే దిక్కున ఉంటేనే పొడవుల తీసివేత చెల్లుతుంది.

సెప్టెంబర్ 4

ఇవాళ అంకెలు మార్చాను. ఎ (3, 4), బి (4, −3). రెండు స్థాన సదిశల పరిమాణమూ అయిదే. నిన్నటి పద్ధతిలో చేస్తే ఎబి పొడవు సున్నా! "సున్నా అయితే రెండూ ఒకే చోట ఉండాలి కద్సార్, బి కింద నాలుగో పాదంలో ఉంది" అంది మూడో బెంచీ అమ్మాయి. ఆ ఒక్క మాటతో సగం పాఠం అయిపోయింది.

మిగతా సగం త్రిభుజ న్యాయం. ఎ నుంచి ఓకి వచ్చి, అక్కణ్నుంచి బికి వెళ్లాలి. ఎ నుంచి ఓకి రావడమంటే ఓఎని తిరగేయడమే. కాబట్టి ఎబి అంటే ఓబి మైనస్ ఓఎ: ఐ − 7జె. పరిమాణం √50, ఏడు దాటింది. "చివరిదాంట్లోంచి మొదటిది తీసెయ్" అని బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. బట్టీ పట్టినవాడు పరీక్ష హాల్లో ఏది చివరిదో మర్చిపోతాడు. బాణం గీసినవాడికి ఆ బెంగ లేదు.

తర్వాత మూల బిందువును (1, 1) దగ్గరికి జరిపి మళ్లీ చేయమన్నాను. ఓఎ 2ఐ + 3జె అయింది, ఓబి 3ఐ − 4జె అయింది. పరిమాణాలు √13, 5. పొడవులు తీసేసేవాళ్లకి ఇందాక సున్నా వచ్చినచోట ఇప్పుడు 1.39 వస్తుంది. ఎబి మాత్రం అదే ఐ − 7జె. రెండు బిందువుల మధ్య దూరం మనం ఎక్కడ నిలబడి చూశామన్నదాన్ని బట్టి మారకూడదు. ఈ అధ్యాయానికి ప్రాణం ఇదే.

సెప్టెంబర్ 6

బాణం కొసన బాణం చేర్చి కూడే పద్ధతిని తొలినాళ్లలో రాసినవాళ్లలో కాస్పర్ వెస్సెల్ ఒకడు. నార్వేలో పుట్టి, డెన్మార్క్‌లో భూమి సర్వే చేసినవాడు. 1797లో డేనిష్ అకాడమీకి తన వ్యాసం సమర్పించాడు, 1799లో అచ్చయింది. డేనిష్‌లో ఉండడంతో దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. పొలాలు కొలిచే మనిషికి ఈ ఆలోచన తట్టడంలో ఆశ్చర్యమేం లేదు. అతని పనే దిక్కు, దూరం.

సెప్టెంబర్ 9

స్థాన సదిశ కెఐ + (కె + 1)జె, పరిమాణం 5. కె ఎంత? వర్గాలు కూడి సర్దితే కె² + కె − 12 = 0. కె విలువ 3, లేదా −4. క్లాసులో చాలామంది −4ని కొట్టేశారు. "పొడవు మైనస్ ఉండదు కద్సార్." పొడవు ఉండదు, నిజమే. కానీ కె పొడవు కాదుగా, నిరూపకం! బిందువులు (3, 4), (−4, −3). రెండూ మూల బిందువుకి అయిదు యూనిట్ల దూరంలోనే ఉన్నాయి. మూల బిందువు కేంద్రంగా అయిదు యూనిట్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, దాన్ని కోస్తూ y అక్షాన్ని ఒకటి దగ్గర దాటే y = x + 1 గీత వేయించాను. రెండు చోట్ల కోసింది. కొట్టేసినవాళ్లు తామే మళ్లీ రాసుకున్నారు.

సెప్టెంబర్ 12

పడవ లెక్క. రేవు మూల బిందువు. పడవ మొదట 10ఐ − 5జె దగ్గర ఉంది, వేగం గంటకు −3ఐ + 4జె, కొలతలన్నీ కిలోమీటర్లలో. రేవుకి ఎప్పుడు అతి దగ్గరగా వస్తుంది? టి గంటలకి స్థాన సదిశ (10 − 3టి)ఐ + (4టి − 5)జె. పరిమాణం వర్గం 25టి² − 100టి + 125, అంటే 25[(టి − 2)² + 1]. వర్గమూలం జోలికి పోకుండా వర్గాన్నే కనిష్ఠం చేయడం వాళ్లకి కొత్త. వెంటనే పట్టుకున్నారు, నాకు చాలా సంతోషమేసింది. టి = 2 దగ్గర దూరం 5 కిలోమీటర్లు, పడవ 4ఐ + 3జె దగ్గర.

అక్కడ వేగం బాణం కూడా గీయమన్నాను. ఒకదాని వాలు 3/4, రెండోదానిది −4/3. లంబంగా ఉన్నాయని వాళ్లే చెప్పారు. ఎందుకు లంబంగానే ఉండాలో సోమవారానికి ఆలోచించి రమ్మన్నాను.