సింహానికి సర్ది

5 మే 2021, బుధవారం

హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా. నాలుగు మగవి, నాలుగు ఆడవి. పోయిన నెల 24న మత్తిచ్చి ముక్కులోంచి, గొంతులోంచి నమూనాలు తీశారట. పరీక్ష చేసింది అత్తాపూర్‌లోని లాకోన్స్, సీసీఎంబీ వాళ్ల ల్యాబు. ఆందోళన పడాల్సిన వేరియంట్ కాదనీ, సింహాలు బాగానే కోలుకుంటున్నాయనీ కేంద్రం నిన్న చెప్పింది. జూకు 2వ తేదీనే తాళం పడింది.

పొడి దగ్గు, ముక్కు కారడం, తిండి తగ్గడం అని రాశారు. ముందు ఇవన్నీ ఎవరి కంట పడ్డాయో మాత్రం రాయలేదు. పశువుల దవాఖానలో పనిచేసి రిటైరైనవాడిని కదా, నాకు అదే ముఖ్యం. ఎద్దయితే ముకుతాడు పట్టి, నోరు తెరిచి చూసి, తోక కింద థర్మామీటరు పెడతాం. సింహం దగ్గర ఆ వేషాలేవీ నడవవు. పైగా అడవి జంతువు జబ్బును దాచుకుంటుంది. నీరసం బయటపడితే పక్కదే మీద పడుతుందని దానికి తెలుసు. సూది వేసిన మనిషి మళ్లీ కనబడితే ఒంట్లో ఎంత బాధున్నా లేచి గుర్రుమంటుంది. అందుకని జూ డాక్టరుకు సగం వైద్యం కీపరు నోట వినడమే: నిన్న మాంసం ఎంత మిగిల్చింది, పెంట ఎట్లా వేసింది, పిలిస్తే ఎంతసేపటికి లేచింది.

13 మే, గురువారం

లాక్‌డౌన్ రెండో రోజు. పది కాకముందే పనులన్నీ ముగించాలి. కొండ కింద గొర్లు మేపే తాత పొద్దున్నే వచ్చాడు, చిటుక రోగం టీకా ఎప్పుడేస్తారని అడగడానికి.

"సారూ, సింహాలకు సర్ది చేసిందట గదా?"

"చేసింది తాతా. కరోనానే."

"అవి బయటికే రావాయె. ఎవలు అంటిచ్చిండ్రు?"

"మనుషులే అంటిచ్చి ఉంటరు."

కొంచెంసేపు ఆలోచించాడు. "గట్లయితే బువ్వ వెట్టెటోడే" అన్నాడు.

హైదరాబాద్ సంగతి ఏమో కానీ, న్యూయార్క్‌లో జరిగింది అచ్చం తాత చెప్పినట్టే. 2020 ఏప్రిల్‌లో బ్రాంక్స్ జూలో నాదియా అనే నాలుగేళ్ల మలయా పులికి కరోనా తేలింది. లక్షణాలేవీ లేని కీపరు ద్వారా వచ్చి ఉంటుందని జూ వాళ్లే చెప్పారు. జబ్బును కనిపెట్టాల్సిన మనిషే జబ్బును లోపలికి తెచ్చేవాడూ అవుతున్నాడు. అలాగని అతన్ని దూరం పెడితే, దగ్గు వినేవాడు ఉండడు.

17 మే, సోమవారం

తాత మాట పట్టుకుని పాత సంగతులు తవ్వుతున్నాను. జూలోకి జబ్బు మనిషి మీదే రానక్కర్లేదు. 2000 జూలైలో ఒడిశా నందన్‌కానన్‌లో కొద్ది రోజుల్లోనే డజను పులులు చచ్చిపోయాయి. తెల్ల పులులు కూడా. జబ్బు పేరు సర్రా! మాకది కొత్త పేరు కాదు. గేదెల్లో, గుర్రాల్లో చూసే జబ్బే. జోరీగ ఒక పశువు నెత్తురు తాగి ఇంకోదాన్ని కుడుతుంది, పరాన్నజీవి దాంతోపాటే పోతుంది. బోనుకు ఎన్ని ఊచలుంటే ఈగకేం అడ్డం? గాజు పలక మీద నెత్తురు చుక్క పరిచి మైక్రోస్కోప్ కింద పెడితే పురుగు కదలడం కనబడుతుంది. కానీ ఆ చుక్క తీయాలంటే పులికి మత్తివ్వాలి. జ్వరంతో ఉన్నదానికి మత్తు ఇంకో ప్రమాదం. అక్కడ వేసిన బెరెనిల్ మీద తర్వాత పెద్ద రచ్చే అయింది. బర్రెకు కళ్లు మూసుకుని వేసే మందు!

2018 సెప్టెంబరులో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు పోయాయి. కొన్నిట్లో కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది, కొన్నిట్లో పిడుదుల వల్ల వచ్చే బబీసియా. టీకా అమెరికా నుంచి తెప్పించారు. మా దేవరకొండ బస్టాండు దగ్గర తిరిగే కుక్కల్లో ఎన్నిటికి టీకా పడింది? ఇక్కడి నుంచి నల్లమల ఎంతో దూరం లేదు. తండాల కుక్కలు మేకల వెంట అడవి దాకా పోతాయి.

28 మే, శుక్రవారం

పోయిన ఏడాది ఇవే రోజుల్లో మర్రిగూడ మండలం రాజాపేట తండా దగ్గర చిరుత తీగల్లో చిక్కుకుంది. జూ వాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చి మత్తు సూది కొట్టారు. అయినా బతకలేదు.

దాన్ని రోజూ చూసే మనిషంటూ లేడు. వయసెంత, తూకమెంత, ముందు నుంచే జబ్బుందా, అన్నీ కంటి అంచనాలే. మత్తు మోతాదు కూడా ఆ అంచనా మీదే కట్టాలి. మే ఎండలో గంటలకొద్దీ గుంజుకున్న ఏ జంతువుకైనా ఒళ్లు కాలిపోతుంది, కండరాలు చితికిపోతాయి, ఆ విషమంతా మూత్రపిండాల మీద పడుతుంది. గాయం చిన్నదే కావచ్చు, ప్రాణం పోయేది ఈ లోపలి దెబ్బతో. చుట్టూ జనం, ఈలలు, సెల్‌ఫోన్లు. మందుల పెట్టెలో ఆ బెదురుకు విరుగుడు లేదు.

5 జూన్, శనివారం

మొన్న 3న చెన్నై వండలూరు జూలో నీల అనే తొమ్మిదేళ్ల ఆడసింహం చచ్చిపోయింది. అక్కడ తొమ్మిదింటికి పాజిటివ్. నీలకు ముందు ఏ లక్షణమూ లేదట, 2న కొంచెం ముక్కు కారింది, వెంటనే మందు మొదలుపెట్టారు. మధ్యలో ఒక్క రాత్రి.

హైదరాబాద్‌వి తేరుకున్నాయి, ఇది తేరుకోలేదు. వేరియంట్ తేడానో, వయసో, లోపల ఇంకేం ఉందో.

19 జూన్, శనివారం

రేపటి నుంచి లాక్‌డౌన్ లేదు. పొద్దున తాత గొర్లకు నట్టల మందు తాగించాం. మందలో ఒకదాన్ని దూరం నుంచే చూపించి "దాని కత సక్కగ లేదు" అన్నాడు. నాకేమీ తేడా తెలియలేదు. దగ్గరికి పోయి పట్టుకుంటే నూట అయిదు డిగ్రీల జ్వరం.

మధ్యాహ్నం పేపరు చూశాను. వండలూరులో 16న ఇంకో మగ సింహం, పన్నెండేళ్లది, పోయింది. అక్కడి నాలుగు సింహాల నమూనాల్లో ఉన్నది డెల్టా అని భోపాల్‌లోని జంతు వ్యాధుల ల్యాబు తేల్చింది. ల్యాబు పేరుంది, వేరియంట్ నంబరు కూడా వేశారు. 2వ తేదీన ఆ చీమిడి చూసిందెవరో ఇందులోనూ లేదు.