తాళి సరే, చట్టం మాటేమిటి?

వండూర్‌లో ఉండే మన శ్రీకాకుళం కుర్రాడొకడు జర్మనీ అమ్మాయిని చేసుకుంటానన్నాడు. వాళ్ళమ్మ బీచ్‌లో పందిరి వేయిస్తానంది. "అన్నా, తాళి కడితే పెళ్ళైపోయినట్టేగా?" అని నాకు ఫోన్ చేశాడు.

కాదు. ఆ అమ్మాయి క్రైస్తవురాలు. ఇద్దరూ హిందువులైతేనే హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు 2008లో ఆ మాట తేల్చింది. గుళ్ళో కట్టిన తాళి అక్కడ నిలవలేదు. రేపు భార్యగా వీసా అడిగితే ఆమె ఏం చూపిస్తుంది, పసుపుతాడా?

ఉన్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అది పౌరసత్వం అడగదు, గోత్రం అసలే అడగదు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి నోటీసివ్వాలి, అభ్యంతరాలకి మరో 30 రోజులు ఆగాలి, ఆపైన ముగ్గురు సాక్షులు. పెళ్ళికి అడ్డంకి లేదని ఆమె తన దేశం నుంచి పత్రం తెచ్చుకోవాలి.

ఇద్దరూ విదేశీయులైతే ఒకప్పుడు లెక్కే కుదిరేది కాదు. చట్టానికి 60 రోజులు. 2018కి ముందు దీవుల పర్మిట్ 30 రోజులు, బతిమాలితే ఇంకో 15. మనవాడు స్థానికుడు కాబట్టి బతికిపోయాడు.

గడువు ఆషాఢంలో పూర్తవుతుందని వాళ్ళమ్మ బెంగ. నోటీసిచ్చిన మూడు నెలల్లోపు ఎప్పుడైనా సంతకాలు పెట్టొచ్చు, శ్రావణంలోనే పెట్టించమ్మా అన్నాను.