పావలా దయ్యము

నా బాల్యము దుత్తలూరులో గడచినది. మా వీధి చివర చింతచెట్టు క్రింద ఒక అవ్వ దోసెలు పోసి అమ్మెడిది. ఒకనాడు పావలాకు తిని, డబ్బు ఇచ్చితినని బొంకితిని. అవ్వ నా ముఖమువంక చూచి, "సరేలే అబ్బాయా" అని ఊరకుండెను. ఆ నెలలోనే ఆమె మరణించినది. నాటినుండి చీకటిపడిన పిమ్మట ఆ చెట్టు క్రింద తెల్లని చీర కదలుచున్నట్లు నాకు తోచెడిది. తోడి బాలురకు మాత్రమేమియు కనిపించెడిది కాదు.

పై తరగతిలో షేక్స్పియరు 'మాక్‌బెత్' కథ చదివితిని. మాక్‌బెత్ తన మిత్రుడగు బాంక్వోను చంపించెను. ఆ రాత్రి విందులో బాంక్వో ప్రేతము వచ్చి అతని పీఠముననే కూర్చుండెను. అది మాక్‌బెత్‌కు తప్ప అన్యులకెవ్వరికిని కనబడలేదు! 1957లో జపాను దర్శకుడు కురొసావా ఈ కథనే చలనచిత్రముగా తీసినపుడును ఆ ప్రేతమును విడువలేదు. ఇక విక్రమార్కుని భుజముపైని బేతాళుడో, ప్రశ్న నడిగి, సమాధానము తెలిసియు చెప్పకున్న తల పగులునని బెదరించును.

నాకును సమాధానము తెలియును. మరునాడే అవ్వ మనుమరాలికి పావలా ఇచ్చి నిజము చెప్పితిని. ఆమె నవ్వి, "అవ్వ నాకెప్పుడో చెప్పిందిలే" అన్నది. ఆ రాత్రి చింతచెట్టు క్రిందుగా ఒంటరిగా నడచితిని. అచట చెట్టు తప్ప మరేమియు లేదు.